మేనమామ ఎముకలు, మేనల్లుడి చేతిపని

(హైదరాబాద్‌లో ఒక గ్రంథాలయ సాయంకాలపు సభలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

2015 మార్చి 22, ఆదివారం. ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగర వీధుల్లో గుర్రపుబండి మీద ఒక శవపేటిక వెళ్తోంది. ఓక్ చెక్కతో చేసిన పెట్టె. రోడ్డుకి రెండు పక్కలా జనం, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్ళు, తెల్ల గులాబీలు పట్టుకున్నవాళ్ళు. నేను అప్పటికి చాలా ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉంటున్నాను. చరిత్ర చదువుకున్నదాన్ని కాబట్టి ఆ పెట్టెలో ఎవరున్నారో తెలుసు. మూడో రిచర్డ్, ఇంగ్లండ్ రాజు. 1485లో యుద్ధంలో చనిపోయాడు. అంటే 530 ఏళ్ళ తర్వాత అంత్యక్రియలు జరుగుతున్నాయి. తర్వాత మూడు రోజులు శవపేటికని కథీడ్రల్‌లో ఉంచితే, చూడటానికి గంటల తరబడి క్యూ. ఆ క్యూలో నేనూ నిలబడ్డాను.

అయితే నా మనసు రాజు మీద కన్నా ఆ పెట్టె మీదే నిలిచింది. దాన్ని చేసినాయన పేరు మైకేల్ ఇబ్సెన్. లండన్‌లో ఫర్నిచర్ చేసుకునే వడ్రంగి, కెనడాలో పుట్టారు. ఆయన ఆ రాజుకి మేనల్లుడి వరస. అక్క కూతురు, ఆమె కూతురు, ఆమె కూతురు... అలా పదిహేడు తరాలు దిగితే వచ్చిన మేనల్లుడు. ఆ ఎముకలు రిచర్డ్‌వేనని తేలింది కూడా ఆయన రక్తం వల్లే.

ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది ఇదే. మధ్యయుగపు రాజవంశం నుంచి ఇవాళ్టి మనిషి దాకా గీత ఎలా గీస్తారు? ఏ గీత నిలబడుతుంది, ఏ గీత తెగిపోతుంది? రాజులు, ప్రభువులు ప్రాణంగా చూసుకున్న మగ సంతానపు గీత పరీక్షకి నిలవలేదు. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆడపిల్లల గీత నిలిచింది. ఇది నన్ను చాలా కదిలించింది, ఇప్పటికీ కదిలిస్తూనే ఉంది.

ముందు ఆ వంశం గురించి క్లుప్తంగా. ప్లాంటాజెనెట్ వంశం అంటారు. ఫ్రాన్స్‌లో అంజూ ప్రాంతపు ప్రభువు జెఫ్రీ టోపీలో పసుపు రంగు పూల రెమ్మ ఒకటి పెట్టుకునేవాడట. ఆ మొక్క లాటిన్ పేరు నుంచి ఈ పేరు వచ్చిందంటారు. ఆయన కొడుకు రెండో హెన్రీ 1154లో ఇంగ్లండ్ రాజయ్యాడు. అక్కణ్ణుంచి 1485లో మూడో రిచర్డ్ దాకా పద్నాలుగు మంది రాజులు, 331 ఏళ్ళు. ఆ పేరుని ఇంటిపేరుగా వాడుకోవడం మాత్రం చివర్లో మొదలైంది. పదిహేనో శతాబ్దంలో యార్క్ డ్యూక్ రిచర్డ్, అంటే మూడో రిచర్డ్ తండ్రి, సింహాసనం మీద తన హక్కు చూపించుకోవడానికి ఆ పేరు పెట్టుకున్నాడు. రెండో హెన్రీని ఎవరైనా 'ప్లాంటాజెనెట్ గారూ' అని పిలిస్తే ఆయన తిరిగి చూసేవాడు కాదు.

ధర్మబద్ధమైన పెళ్ళిలో పుట్టిన మగ సంతతి 1499లో ఆగిపోయింది. మూడో రిచర్డ్ అన్న, క్లారెన్స్ డ్యూక్ జార్జ్. ఆయన కొడుకు ఎడ్వర్డ్, వార్విక్ ఎర్ల్ (డ్యూక్, ఎర్ల్ అనేవి ప్రభువుల బిరుదులు). పదేళ్ళ వయసులో టవర్ ఆఫ్ లండన్ కోటలో ఖైదు పెట్టారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో తల తీయించారు. చేసిన నేరం పెద్దగా ఏమీ లేదు, ఆ వంశంలో మగవాడిగా పుట్టడమే. ఆయన అక్క మార్గరెట్ పోల్‌ని మరో నలభై రెండేళ్ళు బతకనిచ్చారు. 1541లో, అరవై ఏడేళ్ళ ముసలావిణ్ణి ఎనిమిదో హెన్రీ అదే టవర్‌లో చంపించాడు. ఈవిణ్ణి గుర్తుపెట్టుకోండి. ఈవిడ సంతతి కథ మన హైదరాబాద్ దాకా వచ్చింది. అది తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఒక లెక్క.

మనకి తల్లిదండ్రులు ఇద్దరు. తాతలూ అమ్మమ్మ నానమ్మలూ నలుగురు. వాళ్ళ పైన ఎనిమిది. పది తరాలకి 1,024. ఇరవై తరాలకి 10,48,576. ఇరవై రెండు తరాలకి 41,94,304. మూడో ఎడ్వర్డ్ రాజు 1377లో చనిపోయాడు. అప్పటి నుంచి ఇప్పటికి సుమారు ఇరవై రెండు తరాలు. అప్పటికి ప్లేగు వచ్చి ఊళ్ళు సగం ఖాళీ అయ్యాయి, ఇంగ్లండ్ మొత్తం జనాభా 25 లక్షల ప్రాంతంలో ఉంటుందని అంచనా. అంటే ఇవాళ్టి ఒక ఇంగ్లీషు మనిషి వంశవృక్షంలో ఆ తరంలో ఉన్న గళ్ళు ఆ దేశంలోని మనుషుల కన్నా ఎక్కువ. మరి ఎలా కుదురుతుంది? ఒకే మనిషి ఎన్నో గళ్ళలో కూర్చోవాలి. మేనరికాలు చేసుకునే మన ఇళ్ళల్లో ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మేనమామని చేసుకున్న అమ్మాయి పిల్లలకి నాన్న తల్లిదండ్రులే అమ్మకి అమ్మమ్మ, తాతగా అమ్మ వైపు కూడా మళ్ళీ కనిపిస్తారు కదా. అదే పద్ధతి, చాలా దూరంలో.

1999లో యేల్ విశ్వవిద్యాలయపు గణాంక శాస్త్రజ్ఞుడు జోసెఫ్ చాంగ్ దీన్ని గణితంగా చూపించాడు. ఒక జనాభాలో పెళ్ళిళ్ళు కలగాపులగంగా జరుగుతున్నాయనుకుంటే, కొంత వెనక్కి వెళ్ళాక ఒక స్థితి వస్తుంది. అప్పటి మనుషుల్లో సంతతి మిగిలిన ప్రతి ఒక్కరూ ఇప్పటి అందరికీ పూర్వీకులే అవుతారు. నిజ జీవితంలో పెళ్ళిళ్ళు అంత కలగాపులగంగా జరగవు, నిజమే. కానీ మూడో ఎడ్వర్డ్‌కి పెరిగి పెద్దయిన కొడుకులే ఐదుగురు. వాళ్ళ సంతతి వందలు, వేలు, లక్షలు అయ్యాయి. ఇంగ్లండ్‌లో పాత కుటుంబాల్లో పుట్టిన ఏ మనిషైనా ఆయన వారసుడు కాకపోవడమే ఆశ్చర్యం.

ఇక్కడ ఒక పెద్దాయన జ్ఞాపకం వస్తున్నారు. లెస్టర్‌లో ఒక లైబ్రరీలో కుటుంబ చరిత్రలు వెతుక్కునేవాళ్ళకి సాయంగా కూర్చునేదాన్ని కొన్నాళ్ళు. ఆయన పెద్ద కాగితపు చుట్ట తెచ్చారు, బల్ల మీద పరిచారు. పైన మూడో ఎడ్వర్డ్, కింద ఈ పెద్దాయన మనవరాలు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన చెట్టుకి తన చెట్టు అతికించారు. మేమిద్దరం రెండు వారాలు కూర్చుని చూశాం. 1690ల దగ్గర ఆగిపోయింది. ఒకే పేరున్న ఇద్దరు మనుషులు, పక్కపక్క ఊళ్ళు. ఒకడు చిన్నప్పుడే చనిపోయినట్టు చర్చి పుస్తకంలో ఉంది. ఆయన గీత చనిపోయిన ఆ పిల్లాడి గుండా వెళ్తోంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ కాగితం చుట్టేస్తూ, 'ఆ రెండోవాడి నాన్న ఎవరో వెతుకుదామా' అన్నారు. నాకు ఆ మనిషి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. రాజు పోయినా తన మనిషిని వదల్లేదు.

వారసుడు కావడం వేరు, వారసుడినని రుజువు చేసుకోవడం వేరు. మొదటిది దాదాపు అందరికీ ఉంది. రెండోది కొద్దిమందికే దొరుకుతుంది. ఎందుకంటే రెండోదానికి కాగితం కావాలి.

కాగితం పని ఎప్పుడూ మన నుంచి వెనక్కి నడుస్తుంది. రాజు నుంచి కిందికి రాకూడదు. రాజు దగ్గర మొదలుపెడితే ఎక్కడో మన పేరులాంటి పేరు కనిపించగానే అతికించేస్తాం. ఇంగ్లండ్‌లో 1837 జులై నుంచి జననం, మరణం, పెళ్ళి సర్కారు దగ్గర నమోదయ్యాయి. 1841 నుంచి జనగణనలో పేర్లున్నాయి. అంతకు ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. ఊరి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు పుస్తకంలో రాయాలని 1538లో ఆజ్ఞ వచ్చింది. ఇచ్చినవాడు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్. రెండేళ్ళకే ఆయన తల కూడా పోయింది, కానీ పుస్తకాలు మిగిలాయి.

ఈ క్రామ్‌వెల్‌ది మామూలు కుటుంబం, పట్నీ అనే ఊళ్ళో చిన్న వ్యాపారాలు చేసుకునే తండ్రి. ఆయన కొడుకు గ్రెగరీ పెళ్ళాడింది ఎలిజబెత్ సీమోర్‌ని. రాణి జేన్ సీమోర్‌కి చెల్లెలు. 2016లో బీబీసీ వాళ్ళు డానీ డయర్ అనే నటుడి పూర్వీకుల్ని వెతికారు. లండన్ ఈస్ట్ ఎండ్ మనిషి, సీరియల్‌లో పబ్ నడిపే పాత్ర వేసేవాడు. వెనక్కి వెనక్కి వెళ్తే థామస్ క్రామ్‌వెల్ తేలాడు. క్రామ్‌వెల్ కోడలి గుండా మూడో ఎడ్వర్డ్ తేలాడు. ఆ గీతని ఒకసారి మీ ముందు చదువుతాను. మూడో ఎడ్వర్డ్ కొడుకు లయనెల్. ఆయన కూతురు ఫిలిపా. ఆమె కూతురు ఎలిజబెత్ మార్టిమర్. ఆమె కూతురు ఎలిజబెత్ పెర్సీ. ఆమె కూతురు మేరీ క్లిఫర్డ్. ఆమె కొడుకు హెన్రీ వెంట్‌వర్త్. ఆయన కూతురు మార్జరీ. ఆమె కూతురు ఎలిజబెత్ సీమోర్. లయనెల్ తర్వాత ఏడుగురు, అందులో ఆరుగురు ఆడవాళ్ళు.

ఇది కాకతాళీయం కాదు. అక్కడ ఆస్తి, బిరుదు పెద్దకొడుక్కి పోతాయి. పెద్దకొడుకు గీత పైనే ఉంటుంది, పైనే ఒకరినొకరు చంపుకుని ఆగిపోతుంది కూడా. రాజు రక్తం కిందికి దిగేది కూతుళ్ళ వల్ల, చిన్న కొడుకుల వల్ల. రాజు మనవరాలు ఒక ఎర్ల్‌కి ఇల్లాలవుతుంది. ఆమె చిన్న కూతురు ఒక నైట్‌కి. ఆమె కూతురు ఊళ్ళో భూస్వామికి. ఆయన మూడో కొడుకు లండన్ వెళ్ళి బట్టల కొట్టు పెడతాడు. ప్రతి పెళ్ళిలో ఒక మెట్టు. ఇంటిపేరు మాత్రం ప్రతిసారీ మారిపోతుంది, అందుకే వెతకడం కష్టం. మన దగ్గర అమ్మమ్మ వాళ్ళ అమ్మ పుట్టింటి పేరు అడిగితే ఇక్కడ ఎంతమంది చెప్పగలరు? చేతులు ఎత్తమని అడగను.

(సభలో నవ్వులు)

మరి ఆ ఆడవాళ్ళ పేర్లు అసలు ఎలా దొరికాయి? ఇక్కడొక చిత్రమైన సంగతి ఉంది. రాజు దగ్గర నేరుగా భూమి పొందిన మనిషి చనిపోతే, అధికారులు ఊరికి వచ్చి స్థానికుల్ని పిలిచి ప్రమాణం చేయించి అడిగేవారు. ఇతనికి ఎంత భూమి ఉంది? ఎప్పుడు పోయాడు? వారసులెవరు, వయసెంత? పదమూడో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా ఇది నడిచింది. కొడుకు ఉంటే ఒక్క పేరు రాసేవారు. కొడుకులు లేకపోతే భూమి కూతుళ్ళందరికీ సమానంగా పంచాలి, కాబట్టి కూతుళ్ళందరి పేర్లూ, వాళ్ళ మొగుళ్ళ పేర్లూ, ఒక్కోసారి చనిపోయిన కూతురి పిల్లల పేర్లూ రాసేవారు. సర్కారు వాళ్ళు ఆ పేర్లు రాసుకున్నది ప్రేమతో కాదు, భూమి లెక్క కోసం. అయినా నాకు ఆ పత్రాలు చూసినప్పుడల్లా కృతజ్ఞతే కలుగుతుంది. 'ఆలిస్, వయసు పద్నాలుగు. జోన్, పదకొండు.' ఆరు వందల ఏళ్ళ తర్వాత ఆ పిల్లలు ఉన్నారని మనకి తెలిసింది వాళ్ళ నాన్న పొలం వల్ల.

వీలునామాలు కూడా గొప్ప సాయం. వెండి గిన్నె ఫలానా కూతురికి, ఉన్ని గౌను ఫలానా మనవరాలికి అని రాస్తారు. వంశావళులు రాసిన అధికారుల పుస్తకాలు కూడా ఉన్నాయి, 1530 నుంచి 1688 దాకా ఊరూరా తిరిగి రాసుకున్నవి. వాటిని మాత్రం నేను జాగ్రత్తగా చూస్తాను. ఇంటి పెద్దమనిషి నోటితో చెప్పింది వాళ్ళు రాసుకునేవారు. మనిషి తన తాతల గురించి చెప్పేటప్పుడు ఒక మెట్టు పైకి ఎక్కించి చెప్తాడు, ఎక్కడైనా.

సరే, ఇప్పుడు రిచర్డ్ దగ్గరికి వద్దాం.

1485 ఆగస్టు 22. బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్ చనిపోయాడు, ముప్ఫై రెండేళ్ళు. శవాన్ని లెస్టర్ తెచ్చి గ్రేఫ్రయర్స్ అనే సన్యాసుల మఠంలో పూడ్చారు. తర్వాత ఆ మఠాన్ని కూల్చేశారు. ఎముకలు సోర్ నదిలో పారేశారని ఊళ్ళో కథ ఉండేది, నేను వెళ్ళిన కొత్తలో నాకూ చెప్పారు. ఫిలిపా లాంగ్లీ అనే ఆవిడ పట్టుబట్టి వెతికించారు. 2012 ఆగస్టులో ఒక కార్ పార్కింగ్‌లో తవ్వితే మొదటి రోజే కాలి ఎముకలు కనిపించాయి. వెన్నెముక పక్కకి ఒంగి ఉంది. ఒంటి మీద పదకొండు గాయాల గుర్తులు, అందులో తొమ్మిది పుర్రె మీద. రిచర్డే అయ్యుంటాడని అందరికీ అనిపించింది. కానీ అనిపించడం రుజువు కాదు కదా.

రుజువుకి డీఎన్ఏ కావాలి, దాన్ని పోల్చడానికి బతికున్న చుట్టం కావాలి. మన ఒంట్లో ఎక్కువ భాగం డీఎన్ఏ ప్రతి తరంలోనూ సగానికి సగం తగ్గుతూ వస్తుంది. ఇరవై తరాల కిందటి ఒక పూర్వీకుడి ముక్క ఒక్కటి కూడా మనలో మిగలకపోవడమే మామూలు. రాజు వారసుడినని కాగితంతో రుజువు చేసుకున్నవాడి ఒంట్లో కూడా రాజు డీఎన్ఏ సాధారణంగా ఉండదు. పాడవకుండా వచ్చేవి రెండే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్. తల్లి నుంచి బిడ్డలందరికీ వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ, దాన్ని తర్వాతి తరానికి ఇవ్వగలిగేది కూతుళ్ళే.

రిచర్డ్ పిల్లలెవరూ సంతతితో మిగల్లేదు. కానీ ఆయనకి ఒక అక్క ఉంది, ఆన్. ఇద్దరికీ తల్లి సిసిలీ నెవిల్. తల్లి డీఎన్ఏ ఇద్దరికీ ఒకటే. ఆన్ రెండో పెళ్ళి థామస్ సెయింట్ లెజర్ అనే మామూలు నైట్‌తో. 1476 జనవరిలో ఆడపిల్లని కని ఆన్ కన్నుమూసింది. ఆ పిల్లకీ ఆన్ అనే పేరే పెట్టారు. ఆ పిల్లకి ఏడేళ్ళప్పుడు, 1483లో, రిచర్డ్ రాజయ్యాడు. బావగారు సెయింట్ లెజర్ తిరుగుబాటులో చేరాడు. రిచర్డ్ ఆయన తల తీయించాడు. తల్లి లేని పిల్లకి తండ్రిని కూడా లేకుండా చేసింది సొంత మేనమామ.

ఆ పిల్ల పెద్దదై జార్జ్ మానర్స్‌ని పెళ్ళాడింది. ఆమె కూతురు క్యాథరిన్ యార్క్‌షైర్‌లో ఎవరింగ్‌హామ్ ఊళ్ళో కాన్‌స్టబుల్ అనే ఇంటిపేరున్న కుటుంబంలోకి వెళ్ళింది. ఆమె కూతురు బార్బరా, ఆమె కూతురు మార్గరెట్... ప్రతి తరంలో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఎవరూ దీన్ని ఒక వంశం అనలేదు. దీనికి బిరుదు లేదు, కోట లేదు, ముద్ర లేదు. తల్లి, కూతురు, తల్లి, కూతురు, అంతే.

ఈ గీతని కనిపెట్టినాయన జాన్ ఆష్‌డౌన్-హిల్ అనే చరిత్రకారుడు. అది కూడా రిచర్డ్ కోసం కాదు. బెల్జియంలోని మెహెలెన్‌లో దొరికిన ఎముకలు రిచర్డ్ ఇంకో అక్క మార్గరెట్‌వా అని అక్కడి పరిశోధకులు అడిగారు. దానికోసం ఆయన ఆడపిల్లల గీత పట్టుకుని కిందికి నడుచుకుంటూ వచ్చి, కెనడాలో జాయ్ ఇబ్సెన్ అనే రిటైరైన జర్నలిస్టు దగ్గర తేలాడు. రాజుకి తాను అక్క కూతుళ్ళ వరసని ఆవిడకి అంతవరకు తెలియదు. ఆవిడ 2008లో పోయారు. నాలుగేళ్ళకి పార్కింగ్‌లో ఎముకలు దొరికాయి. అప్పుడు ఆవిడ కొడుకు మైకేల్ తన నమూనా ఇచ్చారు.

లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక్కరితో సరిపెట్టుకోలేదు. కాగితాల పని చూసిన కెవిన్ షూరర్ అదే అక్క సంతతిలోంచి ఇంకో ఆడ గీతని వేరేగా గీసి రెండో మనిషిని పట్టుకున్నారు. జన్యు పరీక్ష నడిపినావిడ టూరి కింగ్. మైటోకాండ్రియాలో 16,569 అక్షరాలుంటాయి. ఒకరిది రాజుతో పూర్తిగా కలిసింది. రెండోవారిది ఒక్క అక్షరం తేడా. ఆ రకం యూరప్‌లో చాలా అరుదు కూడా. కాలం లెక్క, వయసు, వెన్నెముక, గాయాలు, అన్నీ కలిపి ఎముకలు రిచర్డ్‌వే అనడానికి అవకాశం 99.999 శాతం అని 2014 డిసెంబరులో ప్రకటించారు.

ఇక రెండో పరీక్ష, మగ గీతది. రిచర్డ్‌కి మగ వరసలో దగ్గరి జ్ఞాతులు బోఫర్ట్ డ్యూకుల కుటుంబం. మూడో ఎడ్వర్డ్ కొడుకు జాన్ ఆఫ్ గాంట్ నుంచి దిగారు. మధ్యలో పెళ్ళి లేకుండా పుట్టిన కొడుకులున్నా, తండ్రి ఎవరో లోకానికి తెలుసు. ఇది బంగారు అక్షరాలతో రాసిన గీత. కోటలున్నాయి, చిత్రపటాలున్నాయి, ప్రతి తండ్రీ ప్రతి కొడుకూ లెక్కలో ఉన్నారు. పద్దెనిమిదో శతాబ్దపు ఐదో డ్యూక్ సంతతిలో బతికున్న ఐదుగురు మగవాళ్ళు నమూనా ఇచ్చారు. నలుగురు ఒకరితో ఒకరు కలిశారు, ఐదోవారు వాళ్ళతోనూ కలవలేదు. ఐదుగురిలో ఒక్కరూ రిచర్డ్‌తో కలవలేదు.

రిచర్డ్‌కీ ఆ డ్యూక్‌కీ మధ్య పంతొమ్మిది తండ్రీకొడుకుల లంకెలున్నాయి. వాటిలో ఎక్కడో కాగితం మీద ఉన్న తండ్రి అసలు తండ్రి కాదు. ఎక్కడన్నది తెలియదు. దాని గురించి ఏ ఆడమనిషి పేరూ పట్టుకుని మాట్లాడటం నాకిష్టం లేదు. పంతొమ్మిది లంకెల్లో ఒకటి తప్పడం మనుషుల జీవితంలో మామూలే, తండ్రి ఎవరన్నది నమ్మకం మీద రాస్తారు. తల్లి ఎవరన్నది మంత్రసాని చూసి చెప్తుంది.

(సభలో ఒకరు: 'అమ్మా, మగ గీత తెగిందంటే ఇప్పటి రాజుగారి హక్కు కూడా పోయినట్టే కదా?')

మంచి ప్రశ్నండీ. పోలేదు. ట్యూడర్ వంశపు మొదటి రాజు ఏడో హెన్రీకి రాజరక్తం వచ్చిందే తల్లి మార్గరెట్ బోఫర్ట్ వల్ల, రాజ్యం వచ్చింది యుద్ధంలో గెలిచి. తర్వాత ఆయన రిచర్డ్ పెద్దన్న నాలుగో ఎడ్వర్డ్ కూతురు ఎలిజబెత్‌ని పెళ్ళాడాడు. వాళ్ళ కూతురు మార్గరెట్ స్కాట్లండ్ రాణి అయింది. ఆమె ముని మనవడు మొదటి జేమ్స్. జేమ్స్ కూతురు ఎలిజబెత్, ఆమె కూతురు సోఫియా. ఈ సోఫియా సంతతికే కిరీటం అని 1701లో పార్లమెంటు చట్టం చేసింది. ఇప్పటి రాజు చార్లెస్‌ ఆ చట్టం వల్ల రాజు. చూశారా, అక్కడ కూడా కూతుళ్ళే.

ఇప్పుడు మార్గరెట్ పోల్ సంగతి చెప్తానన్నాను. ఆమె మనవరాలు క్యాథరిన్ పోల్ హంటింగ్‌డన్ ఎర్ల్ ఫ్రాన్సిస్ హేస్టింగ్స్‌ని పెళ్ళాడింది. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ ఇంటి కూతురు ఎలిజబెత్ హేస్టింగ్స్ ఐర్లండ్‌లో రాడన్ అనే ప్రభువుని చేసుకుంది. ఆమె కొడుకు తల్లి ఇంటిపేరుని 1790లో తన పేరులో కలుపుకున్నాడు. ఆయనే మార్క్వెస్ ఆఫ్ హేస్టింగ్స్, 1813 నుంచి 1823 దాకా ఇండియాలో గవర్నర్ జనరల్. మనం స్కూల్లో చదివిన వారన్ హేస్టింగ్స్ వేరు, ఈయన వేరు. పిండారీలతో, మరాఠాలతో యుద్ధం చేసింది ఈయన.

ఈ ప్లాంటాజెనెట్ వారసుడి కథ ఈ ఊరితోనే చెడింది. ఇక్కడ విలియం పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారపు సంస్థ ఉండేది. నిజాం సర్కారుకి, మంత్రి చందూలాల్ కాలంలో, భారీ వడ్డీకి అప్పులిచ్చింది. అందులో భాగస్వామి సర్ విలియం రంబోల్డ్, ఈయన భార్య హేస్టింగ్స్ ఇంట్లో పెంచిన పిల్ల. 1820లో అరవై లక్షల అప్పుకి హేస్టింగ్స్ ఆమోదముద్ర వేశాడు. రెసిడెంటుగా, అంటే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా, వచ్చిన మెట్‌కాఫ్ లెక్కలు చూసి గొడవ పెట్టాడు. ఆ మచ్చతోనే హేస్టింగ్స్ 1823లో ఓడ ఎక్కాడు. ఆ అప్పు తీర్చడానికి నిజాం ఉత్తర సర్కారుల మీద తనకి ఏటా రావలసిన పేష్కష్‌ని, అంటే కప్పాన్ని, ఒకేసారి సొమ్ము తీసుకుని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేల మీద నిజాంకి మిగిలిన ఆఖరి హక్కు అలా పోయింది. మా అమ్మ పుట్టిల్లు రాజమండ్రి దగ్గర. ఇంగ్లండ్ రాజవంశం గురించి చదువుతూ చదువుతూ అమ్మమ్మ ఊరి దగ్గర తేలినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

హేస్టింగ్స్ 1826లో పోయాడు. తన కుడిచేయి కోసి దాచి, భార్య పోయినప్పుడు ఆమె పెట్టెలో పెట్టమన్నాడు. అలాగే చేశారు. ఆయన సంతతి మళ్ళీ కూతుళ్ళ గుండానే నడిచి, ఆస్ట్రేలియాలో జెరిల్డరీ అనే చిన్న ఊరికి చేరింది. లౌడన్ ఎర్ల్ మైకేల్ ఆబ్నీ-హేస్టింగ్స్ అక్కడ బతికి 2012లో పోయారు. నాలుగో ఎడ్వర్డ్ అక్రమ సంతానం కాబట్టి ఈయనే అసలు రాజు అని 2004లో ఒక టీవీ కార్యక్రమం వాదించింది. నా ఉద్దేశంలో ఆ వాదన నిలవదు, ఎడ్వర్డ్‌ని తండ్రి తన కొడుకుగానే పెంచాడు, క్లారెన్స్ జార్జ్ హక్కులు 1478లోనే రద్దయ్యాయి. ఆ లౌడన్ ఎర్ల్ కొడుకు 2023లో చార్లెస్ పట్టాభిషేకంలో బంగారు స్పర్స్, అంటే రౌతులు మడమలకి తగిలించుకునే ముళ్ళు, పట్టుకుని నడిచారు. టీవీలో ఆ దృశ్యం చూస్తుంటే నాకు టవర్‌లోని ఆ ముసలావిడే గుర్తొచ్చింది.

డీఎన్ఏ కిట్లు కొనాలా అని సభ మొదలయ్యే ముందు కొందరు అడిగారు. దగ్గరి చుట్టాల్ని కలుపుతాయి, నాలుగైదు తరాల దాకా బాగా పనికొస్తాయి. మీరు ఫలానా రాజు వారసులు అని ఏ కిట్టూ చెప్పలేదు, చెప్తే నమ్మకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకోండి. అమ్మమ్మల పుట్టింటి పేర్లు అడగండి. మా అమ్మ వైపు నాకు ఐదుగురి పేర్లు దొరికాయి, ఆరో ఆవిడ పేరు చెప్పగలిగిన మా పెద్దమ్మ నేను అడిగేలోపే పోయింది.

లెస్టర్‌లో కూడా అలాగే జరిగేది, కొద్దిలో తప్పింది. మైకేల్ ఇబ్సెన్ మగవాడు, తల్లి ఇచ్చిన ఆ డీఎన్ఏని ఆయన ముందుకి ఇవ్వలేరు. ఐదు వందల ఏళ్ళు చేతులు మారుతూ వచ్చిన ఆ దీపం ఆయన దగ్గర ఆగుతుంది. తవ్వకం ఇంకో తరం ఆలస్యమైతే ఆ ఎముకల్ని ఆయన గీతతో పోల్చడానికి వీలుండేది కాదు.

మార్చి 26న రిచర్డ్‌ని కథీడ్రల్‌లో పూడ్చారు. ఆ ఏడేళ్ళ ఆన్ సెయింట్ లెజర్‌కి మేనమామ మొహం గుర్తుందో లేదో. తండ్రి తల తీయించినవాడని మాత్రం తప్పకుండా తెలిసే ఉంటుంది. ఆమె కడుపు చలవ తరతరాలు నడిచి లండన్‌లో ఒక వర్క్‌షాపు దాకా వచ్చింది. అక్కడ ఒక వడ్రంగి ఓక్ చెక్క కొలిచి, కోసి, చిత్రిక పట్టి, ఆ మేనమామకి పెట్టె చేశాడు.

నమస్కారం.